ఎవరి మాట విన్నట్టు?

చెన్నై వేపేరిలో ఓ తెలుగు ఇల్లు. తల్లి వంటింట్లోంచి కొడుకును మూడోసారి పిలుస్తుంది. "ఒరేయ్, పిలుస్తుంటే వినపడట్లేదా?" ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే వాడు జవాబిస్తాడు. "వినపడిందమ్మా." "వినపడితే మరి వినవేంరా?"

వినపడటం చెవి పని, వినడం మనిషి పని. ఈ తేడా చెప్పడానికి ఇంగ్లీషుకు రెండు క్రియలు కావాలి. తెలుగు తల్లికి ఒకటి చాలు. 'మాట వినే పిల్లాడు' అంటే చెవులు బాగా పనిచేసే పిల్లాడని మనలో ఎవరూ అనుకోరు.

బైబిలు భాషలకూ ఇదే అలవాటు. హీబ్రూలో 'షమా' అంటే విను. పాత నిబంధనలో వెయ్యిసార్లకు పైగా వచ్చే ఈ క్రియే సందర్భాన్ని బట్టి 'లోబడు' అవుతుంది. యూదులు ఉదయం, సాయంత్రం చెప్పుకునే ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోని మాటలు "ఇశ్రాయేలూ వినుము" అని మొదలవుతాయి. కొత్త నిబంధన గ్రీకులో విధేయతకు వాడిన 'హుపకొయే'లో 'అకొయే' అంటే వినికిడి, ముందు చేర్చిన 'హుపో' అంటే కింద. ఇంగ్లీషు ఒబీడియెన్స్ వెనకున్న లాటిన్ మాట కూడా వినడం అనే క్రియలోంచే పుట్టింది.

చెన్నై తెలుగు పిల్లలు బడిలో నేర్చుకునే తమిళంలో విధేయతను 'కీళ్పడిదల్' అంటారు, కిందికి ఒదగడం అన్నమాట. మన 'లోబడు'లో ఉన్నవి 'లో', 'పడు'. వాళ్లకు కింద, మనకు లోపల. పాత బైబిలు తెలుగులో ఇంకో మంచి మాట ఉంది, 'గైకొను'. 'కై' అంటే చెయ్యి కాబట్టి, ఆజ్ఞను గైకొనడమంటే దాన్ని చేతికి తీసుకోవడం. వీటి పక్కన సంస్కృతం నుంచి వచ్చిన 'విధేయత' కాస్త ఆఫీసు కాగితం వాసన వేస్తుంది. బడి రోజుల్లో సెలవు చీటీ కింద "ఇట్లు, తమ విధేయ విద్యార్థి" అని రాసీ రాసీ ఆ మాట సంతకం ముందు పెట్టే ముగ్గులా మిగిలింది. సంఘాల్లోనూ దాని గతి దాదాపు అంతే. ప్రతి ప్రసంగంలో వస్తుంది, ఎవరికీ తగలదు.

1726లో మద్రాసుకు వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఈ ఊళ్లోనే బైబిలును తెలుగు చేశాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. తర్వాతివాళ్ల చేతుల మీదుగా మనకు అందిన బైబిల్లో మాత్రం తల్లులు వాడే ఆ ఇంటి మాట అలాగే నిలిచింది. మొదటి సమూయేలు 15వ అధ్యాయంలో "పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము" అన్నచోట చూడొచ్చు.

ఆ అధ్యాయం దగ్గర కాసేపు ఆగాలి. అమాలేకీయుల మీదికి వెళ్తున్న సౌలు రాజుకు అందిన ఆజ్ఞ, అంతా నాశనం చేయమని. ఆ ఆజ్ఞ ఈనాటి పాఠకుణ్ని కలవరపెడుతుంది, పెట్టాలి కూడా. అది చదివి ఏ ఇబ్బందీ పడనివారి విధేయతను చూసే ఎక్కువ భయపడాలి. ఆ చర్చ వేరు. సౌలు పనికిరాని వాటిని నాశనం చేసి, బలిసిన గొర్రెలనూ ఎడ్లనూ ఉంచుకున్నాడు. వాళ్ల రాజు అగగును ప్రాణంతో పట్టుకొచ్చాడు. సమూయేలు ప్రవక్త ఎదురుపడగానే, అడక్కముందే, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానన్నాడు. అయితే నా చెవుల్లో పడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటి, నాకు వినపడుతున్న ఈ ఎడ్ల రంకెలేమిటి అన్నాడు ప్రవక్త. దేవునికి బలి ఇవ్వడానికే వాటిని ఉంచామని సౌలు జవాబు.

బలులకన్నా మాట వినడం మేలన్న వాక్యం సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. దాని వెనకాలే సౌలు ఒప్పుకోలు ఉంది, దాని మీద ప్రసంగాలు తక్కువ. జనానికి జడిసి వాళ్ల మాట విన్నానంటాడు. హీబ్రూలో అక్కడ వాడిందీ అదే క్రియ, షమా. సౌలు విన్నాడు. జనం మాట విన్నాడు. అసలు ఎవరి మాటా వినని మనిషంటూ ఉండడు. బంధువుల మాటో, బజారు మాటో, తన భయం చెప్పే మాటో, ఏదో ఒకటి వింటూనే ఉంటాడు. అందుకే 'లోబడుతున్నావా' అని అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇప్పుడు వింటున్నది ఎవరి మాట?

ఆ గొర్రెల అరుపులు ఇప్పటికీ వినపడతాయి. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు పొడవునా, షోళింగనల్లూరు నుంచి సిరుచేరి దాకా, తెలుగు కుర్రాళ్లుండే పీజీలు ఎన్నో. అలాంటి ఒక గదిలో శనివారం రాత్రి ప్రార్థన కూటం. మంచాలు గోడకు నెట్టి నేల మీద చాప పరిచారు. మూలన ల్యాప్‌టాప్ బ్యాగుల గుట్ట, దాని మీద ఆనించిన గిటారు. సాక్ష్యాల వేళ ఒకతను లేచి, ఏడాదిన్నర ఖాళీగా తిరిగిన తనకు దేవుడు ఉద్యోగం ఇచ్చాడంటాడు. అందరూ స్తోత్రం అంటారు. అతని రెజ్యూమేలో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది. ఆ మూడేళ్లూ అతను కాలేజీలోనే ఉన్నాడని గదిలో సగం మందికి తెలుసు, ఎందుకంటే ఆ కాగితం ఇప్పించిన కన్సల్టెన్సీ నంబరు వాళ్ల ఫోన్లలోనూ ఉంది. మొదటి జీతం రాగానే దశమభాగం కవర్లో పెట్టి ఆదివారం ఇచ్చేస్తాడు. బలిసిన గొర్రె, మంచి బలి.

అతణ్ని వేలెత్తి చూపడం తేలిక. ఊళ్లో నాన్న చేసిన అప్పు, ఫ్రెషర్లను ఇంటర్వ్యూకే పిలవని కంపెనీలు, వాయిదా పడుతూ వస్తున్న చెల్లెలి పెళ్లి, ఇవేవీ కల్పన కావు. సౌలు వెనక నిలబడ్డ జనం కూడా కల్పన కాదు. అబద్ధపు కాగితం పెట్టడం ఒక తప్పు. దాన్ని సాక్ష్యంగా చెప్పుకోవడం దానికంటే లోతైన గొయ్యి. తప్పు చేశానని ఒప్పుకునే మనిషి వెనక్కి రాగలడు. అదే తప్పును దేవుని కార్యంగా పదిమందిలో చెప్పుకున్నాక వెనక్కి రావడమంటే దేవుడు అబద్ధమాడాడని చెప్పినట్టుంటుంది, ఇక ఎవరొస్తారు?

పెళ్లి సంబంధాల్లోనూ ఇదే తంతు. ప్రార్థనతో మొదలయ్యే పెళ్లిచూపుల్లో "మాకు కట్నం ఆశ లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అన్న మాటకు అర్థమేమిటో తెలుగువాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. కులం సంగతి పెళ్లిచూపులకు ముందే ఫోన్‌లో తేలిపోయి ఉంటుంది. క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని గలతీ పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది. ఆ వచనాన్ని పెళ్లి పత్రిక మీద ఎవరూ వేయరు.

వచనాలు ఎక్కడెక్కడ అచ్చవుతాయో గమనిస్తే కొంత తెలుస్తుంది. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు పంచుతారు. ట్రేలోంచి ఒకటి తీసుకుని, కళ్లకద్దుకుని చదువుకుంటారు. అది ఏడాదంతా ఫ్రిజ్ తలుపు మీదో బైబిలు పేజీల మధ్యో ఉంటుంది. అందరూ తమకు రావాలని ఆశపడే కార్డుల్లో ద్వితీయోపదేశకాండం 28:13 ఒకటి, నిన్ను తలగా నియమిస్తాడు గాని తోకగా నియమించడు. కార్డు చిన్నది కాబట్టి వచనంలో సగమే పడుతుంది. మిగతా సగంలో ఆజ్ఞలను విని గైకొంటేనే అన్న షరతు ఉంది. ఆ అధ్యాయం మొత్తం 68 వచనాలు. ఆశీర్వాదాలు 14వ వచనంతో సరి, మిగిలిన 54 వచనాల నిండా శాపాలు. వాటితో ఏ ప్రెస్సులోనూ కార్డులు వేయరు.

అయితే షరతును తిరిగి అతికించగానే అంతా సర్దుకోదు, ఇంకో చిక్కు మొదలవుతుంది. లోబడితే ప్రమోషన్, లేకపోతే జబ్బు అన్న లెక్క. నెలనెలా ఈఎంఐ కట్టినట్టు విధేయత కట్టేస్తే దేవుడు ఇంటి పత్రాలు ఇచ్చేయాలి. యోబు కథ ఈ లెక్కను నలభై రెండు అధ్యాయాల పాటు పగలగొడుతుంది. పుట్టు గుడ్డివాణ్ని చూసి, వీడు పాపం చేశాడా వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. అయినా చెన్నై ఆసుపత్రుల్లో బెడ్ పక్కన నిలబడి "ఏదైనా ఒప్పుకోవాల్సిన పాపం ఉందేమో చూసుకో తల్లీ" అనే సలహాదారులకు కొదవ లేదు. జ్వరంతో ఉన్నవాళ్ల దగ్గర ఆ మాట అనడానికి గుండె ఎలా వస్తుందో!

లోబడటం ముందా, కృప ముందా అన్నది క్రైస్తవంలో పాత ప్రశ్న. నిర్గమకాండం 20వ అధ్యాయం చదివితే వరస స్పష్టంగానే ఉంటుంది. పది ఆజ్ఞల్లో మొదటిదానికి ముందే, దాస్యపు ఇంట్లోంచి నిన్ను రప్పించింది నేనే అన్న మాట ఉంది. ముందు ఎర్రసముద్రం దాటించిన విడుదల, తర్వాత సీనాయి కొండ మీది ఆజ్ఞలు. పౌలు రోమా పత్రికను 'విశ్వాసానికి విధేయత' అన్న మాటతో మొదలుపెట్టి, మళ్లీ ఆ మాటతోనే ముగిస్తాడు. నాజీల కాలంలో జర్మనీలో లూథరన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో అచ్చువేసిన పుస్తకంలో ఈ రెంటినీ విడదీయడానికి ఒప్పుకోలేదు. నమ్మినవాడే లోబడతాడన్నది ఆయన పక్కనున్న లూథరన్లు సంతోషంగా తలూపే సగం. లోబడేవాడే నమ్ముతాడన్నది వాళ్లకు గొంతులో పడ్డ సగం. 1945 ఏప్రిల్‌లో ఆయన్ను ఉరితీశారు. హిట్లర్ మాట వినమని చెప్పిన సంఘాలు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి, వాళ్లూ ఆ మాటను విధేయత అనే అన్నారు.

ఇక్కడికొచ్చేసరికి ప్రశ్న పాస్టర్ల వైపు తిరుగుతుంది. తెలుగు సంఘాల్లో పాస్టరును 'అయ్యగారు' అంటారు. అందులో ప్రేమ ఉంది, పల్లెటూరి పాత మర్యాద ఉంది. చాలామంది అయ్యగార్లు దానికి తగ్గట్టే బతుకుతారు. అర్ధరాత్రి ఫోన్ వస్తే టూవీలర్ తీసి జనరల్ ఆసుపత్రికి బయల్దేరేవాళ్లు వాళ్లే. కానీ మర్యాద కాస్త ముదిరితే "దైవజనుని మాట కాదంటే దేవుణ్ని కాదన్నట్టే" అన్న సూత్రంగా మారుతుంది. కానుకల లెక్క అడిగిన పెద్దకు ఎదురుగా 105వ కీర్తనలోని వచనం వచ్చి నిలుస్తుంది, "నేనభిషేకించిన వారిని ముట్టకూడదు".

ఆ కీర్తన ముందూ వెనకా చదివితే అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు. ఇల్లూ వాకిలీ లేక దేశం నుంచి దేశానికి తిరిగే బలహీనులు. వాళ్లను ముట్టొద్దని దేవుడు గద్దించింది రాజులను. బలవంతుల నుంచి బలహీనులను కాచిన మాట, ఇప్పుడు మైకు ఉన్నవాణ్ని మైకు లేనివాళ్ల నుంచి కాస్తోంది. దావీదు సౌలును ముట్టలేదని చెబుతారు. నిజమే, చంపలేదు. కానీ గుహ బయట నిలబడి, సౌలు వస్త్రం నుంచి కోసిన చెంగు చేత్తో ఎత్తిపట్టుకుని, మూడు వేలమంది సైనికుల ముందు ఆయన అన్యాయాన్ని గట్టిగానే అడిగాడు. నాతాను ప్రవక్త దావీదునే నిలదీశాడు. పౌలు అంతియొకయలో పేతురును ముఖాముఖిగా ఎదిరించాడు. బెరయలోనివాళ్లు పౌలు చెప్పింది నిజమో కాదో లేఖనాలు తిప్పి చూసుకున్నారు, ఆ పని చేసినందుకే వాళ్లను ఘనులని అపొస్తలుల కార్యములు మెచ్చుకుంటుంది. నాయకులకు లోబడమన్న హెబ్రీ పత్రిక 13:17 మాటేమిటని అడుగుతారు. అక్కడి గ్రీకు క్రియకు మూలార్థం 'ఒప్పించబడు'. ఒప్పించాలంటే ముందు అవతలివాడు ప్రశ్న అడగగలగాలి.

మనిషి ఎంత తేలిగ్గా ఇంకొకరి గొంతుకు లొంగిపోతాడో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగం చూపించింది. తప్పు జవాబు చెప్పినప్పుడల్లా అవతలి మనిషికి కరెంటు షాకు పెంచుతూ పోవాలి. అవతలి గదిలో మనిషి గోడను బాదినా, బూడిదరంగు కోటు వేసుకున్నాయన కొనసాగించమన్నందుకు, 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. షాకులు ఉత్తుత్తివే, ఆ సంగతి వాళ్లకు తెలియదు. చెమటలు కక్కుతూ, ఇది తప్పేమోనని అంటూనే నొక్కారు. కోటు రంగు తెలుపైతే, చేతిలో బైబిలు కూడా ఉంటే లెక్క ఎంతకు పోయేదో.

విధేయతనే జీవితంగా పెట్టుకున్న మఠాల్లో ఈ ప్రమాదం గురించి ఎప్పుడో ఆలోచించారు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన మఠనియమావళిలో మొట్టమొదటి మాట 'విను'. వింతగా ఉంటుంది గానీ, ఆజ్ఞాపించేవాడికి కూడా ఆయన అదే పని పెట్టాడు. ముఖ్యమైన నిర్ణయమైతే మఠాధిపతి అందరినీ పిలిచి సలహా అడగాలి, చిన్నవాళ్లను కూడా, ఎందుకంటే మేలైన మాటను ప్రభువు తరచు చిన్నవాడికే బయలుపరుస్తాడు. 68వ అధ్యాయం ఇంకా ముందుకెళ్తుంది. చేయలేని పని అప్పజెపితే ఏం చేయాలి? ముందు ఒప్పుకో. మోయలేనంత బరువైతే తగిన సమయం చూసి, గర్వం లేకుండా, ఎందుకు చేయలేవో పెద్దకు చెప్పు. చెప్పాక కూడా ఆయన మారకపోతే దేవుని సహాయం మీద ఆనుకుని చెయ్యి. ఆ మధ్య వాక్యం ఎంతో విలువైనది. ఎందుకు చేయలేనో చెప్పడం అవిధేయత లెక్కలోకి రాదని పదిహేను వందల ఏళ్ల కిందట రాసిపెట్టారు.

చెన్నై నుంగంబాక్కంలో 1925లో లయోలా కాలేజీ పెట్టిన జెస్యూట్లనే క్యాథలిక్ సన్యాసుల సంఘ వ్యవస్థాపకుడు ఇగ్నేషియస్ లయోలాది ఇంకా కరుకైన భాష, శవం ఎలా కదిలిస్తే అలా కదిలినట్టు లోబడమంటాడు. ఆ పోలికే లోకమంతా పాకింది. పాపమని తోచిన చోట ఈ విధేయత వర్తించదని ఆయన పెట్టిన హద్దు మాత్రం అంతగా పాకలేదు.

నిజానికి బైబిల్లో గొప్పగా లోబడినవాళ్లలో చాలామంది ఎదురు ప్రశ్న వేసినవాళ్లే. సొదొమ కోసం అబ్రాహాము యాభై దగ్గర మొదలుపెట్టి పది దాకా బేరమాడాడు, కోయంబేడు మార్కెట్లో ఉన్నట్టే. నాలుగు అధ్యాయాల తర్వాత ఇస్సాకును అర్పించమన్నప్పుడు ఒక్క మాటా అనలేదు. ఈ రెండోదే ప్రసంగాల్లో వినిపిస్తుంది. మరియ "నీ మాట చొప్పున నాకు జరుగును గాక" అనడానికి ముందు, ఇది ఎలా జరుగుతుందని అడిగింది. గెత్సేమనేలో యేసు ఈ గిన్నె తొలగించమని ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. శ్రమల వల్ల ఆయన విధేయత నేర్చుకున్నాడని హెబ్రీ పత్రిక రాసింది. కుమారుడై ఉండి నేర్చుకున్నాడట! పుట్టుకతో వచ్చే వినయం గురించి మాట్లాడేవాళ్లు ఆ వచనం దగ్గర ఆగి చూడాలి.

ఇళ్లలో ఈ మాట ఎక్కువగా ఎవరి మీద పడుతుందో తెలిసిందే. పెళ్లి ఆరాధనలో ఎఫెసీ పత్రిక 5:22 చదువుతారు, భార్యలు భర్తలకు లోబడమని. బాగా పాత గ్రీకు ప్రతులు కొన్నింట్లో ఆ వచనంలో అసలు క్రియ లేదు. పై వచనంలోంచి అరువు తెచ్చుకోవాలి, ఆ పై వచనమేమో "ఒకనికొకడు లోబడియుండుడి" అంటుంది. క్రియను తెచ్చుకున్నవాళ్లు దానితోపాటు వచ్చిన 'ఒకనికొకడు'ను గుమ్మం బయటే వదిలేశారు. దెబ్బలు తిని వచ్చిన ఆడపడుచును "లోబడి ఉండమ్మా, ప్రార్థన చేద్దాం" అని తిరిగి పంపేవాళ్లు ఎవరి మాట వింటున్నట్టు? పరువు మాట.

దేవుని మాట విన్నందుకు మనుషుల మాట కాదనాల్సి వచ్చిన సందర్భాలు లేఖనాల్లో చాలానే ఉన్నాయి. ఐగుప్తు మంత్రసానులు షిఫ్రా, పూయా ఫరో ఆజ్ఞను పక్కనపెట్టి మగపిల్లలను బతికించారు. యూదుల మహాసభ ముందు పేతురు "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్నాడు. అధికారులకు లోబడమని రాసిన రోమా పత్రిక 13వ అధ్యాయం వీటి పక్కనే ఉంటుంది, దేన్నీ చింపేయలేం. కానీ తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి కథ ఒకటుంది. దాని ఆనవాలు చెన్నై మధ్యలోంచే పోతుంది.

ఒంగోలు ప్రాంతంలో 1866 తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి, యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ల వెనక వచ్చిన మాదిగలకు చెప్పిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద ఇవి మతనియమాలు. ఊళ్లో మాత్రం ఒక్కొక్కటీ పిడుగే. ఆదివారం పనికి రానంటే భూస్వామి మాట కాదన్నట్టు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి కట్టుబాటే కాదన్నట్టు. తరతరాలుగా పిలిస్తే పలకడమే తప్ప ఎరగనివాళ్లు మొదటిసారి 'మేం రాము' అన్నారు. ఊరి పెద్దల కళ్లకు అది తిరుగుబాటు. వాళ్ల లెక్కలో అది వినడం.

1876 నుంచి 78 దాకా మహాకరువు. కరువు పనుల కింద తవ్వించిన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు, వేలమందికి కూలి దొరికింది. కూలికి వచ్చినవాళ్లు బాప్తిస్మం ఇమ్మన్నారు. ఇవ్వనన్నాడు. బాప్తిస్మం ఇమ్మన్న క్రీస్తు ఆజ్ఞ కళ్ల ముందే ఉంది, అడిగేవాళ్లు గుమ్మంలో ఉన్నారు, అయినా ఆపాడు. ఆకలితో ఉన్న మనిషి లోబడుతున్నది దేవుని మాటకో కడుపు మాటకో తేల్చుకోలేక. కరువు సడలి, కూలి డబ్బుల ఆశ లేదని తేలాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెన్నై తెలుగు బాప్టిస్టు కుటుంబాల్లో ఈ అంకె తెలియనివాళ్లు తక్కువ. ఆపిన నెలల గురించి అంత గుర్తుండదు. మైలాపూరు, తిరువాన్మియూరు వైపు ఎంఆర్‌టీఎస్ రైలెక్కితే కింద నల్లగా కనిపించేది ఆ కాలువే. ముక్కు మూసుకునే తొందరలో ఎవరూ కిందికి చూడరు.

దేవుని చిత్తం తెలుసుకోవడం గురించి ఇక్కడి యువజన కూటాల్లో చాలా టెన్షన్ ఉంటుంది. ఆన్‌సైట్ వెళ్లాలా, ఈ సంబంధం ఒప్పుకోవాలా, ఫ్లాటు తాంబరంలో కొనాలా. 1941లో సువార్తికుడు భక్తసింగ్ సహచరులతో కలిసి పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థించాడు, ఆ ఏడే మద్రాసులో 'యెహోవా షమ్మా' సహవాసం మొదలైంది. (ఆ షమ్మాకు 'అక్కడ' అని అర్థం, 'విను'తో చుట్టరికం లేదు.) ఆ కొండ కథ చెప్పుకుని, అలాంటి నడిపింపు తమకూ కావాలని ఉపవాసాలుంటారు. కోరిక మంచిదే. కానీ ప్రవక్త మీకా ఏది ఉత్తమమో నీకు ముందే తెలియజేశారంటాడు. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సు. పనిమనిషి జీతం ఈ నెల కోసేశామా లేదా అన్నదానికి కొండెక్కనక్కర్లేదు. తెలిసిన మాట విననివాళ్లకు తెలియని మాట కోసం అంత ఆత్రం ఎందుకో అర్థం కాదు. బహుశా తెలియని మాట ఇంకా ఏమీ అడగలేదు కనకేమో.

సౌలును గొర్రెల అరుపుల గురించి అడిగిన సమూయేలు చిన్నప్పుడు షిలోహు మందిరంలో పడుకునేవాడు. ఒక రాత్రి ఎవరో పేరు పెట్టి పిలిచారు. లేచి, ముసలి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు, పిలిచావుగా వచ్చానని. నేను పిలవలేదు, వెళ్లి పడుకోమన్నాడు ఏలీ. మూడుసార్లు అదే జరిగింది. పిల్లాడికి లోబడటంలో లోపం లేదు, పిలుపు వినగానే లేస్తున్నాడు. ఎవరి గొంతో తెలియదు, అంతే. ఏలీ కళ్లకు చూపు మందగించింది, కన్నకొడుకులు మందిరంలోనే దుర్మార్గం చేస్తుంటే అడ్డుపెట్టలేదు. అయినా మూడోసారి ఆ గొంతు ఎవరిదో ఆయనకు అర్థమైంది. మళ్లీ పిలిస్తే నా దగ్గరికి రావద్దు, నీ దాసుడు ఆలకిస్తున్నాడు, ఆజ్ఞ ఇమ్మను అని చెప్పి పంపాడు.

ఆ రాత్రి పిల్లాడు విన్న కబురు ఏలీ ఇంటి నాశనం గురించే. తెల్లవారాక మందిరం తలుపులు తీశాడు గానీ చెప్పడానికి భయపడ్డాడు. ఏలీయే పిలిచి, ఒక్క మాట కూడా దాచకుండా చెప్పమన్నాడు. సమూయేలు అంతా చెప్పాడు. ముసలాయన విని, సెలవిచ్చినవాడు యెహోవా, ఆయనకు ఏది మంచిదనిపిస్తే అది చేస్తాడు అన్నాడు.